లక్షా ఇరవై వేల కెనడా పీఆర్ ప్యాకేజీ: నా తరఫున రెండు స్టార్లు

పెళ్లికని నల్గొండ వచ్చి పన్నెండు రోజులైంది. చిన్నాన్న కూతురి పెళ్లి. బగారన్నం వడ్డిస్తున్న పిల్లాడి దగ్గర్నుంచి వీడియో తీస్తున్నాయన దాకా నన్ను అడిగింది ఒక్కటే, "అన్నా, కెనడా పీఆర్ ఏ కన్సల్టెన్సీల చేయించినవ్? మంచిగ చేస్తరా వాళ్లు?" అని. పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పుకుంటూ కూర్చుంటే నా సెలవంతా అందులోనే పోతుంది కాబట్టి ఒకేసారి రాసి పెడుతున్నా.

పేరు మాత్రం రాయను. రాస్తే ఆ ఒక్కచోటికి వెళ్లడం మానేసి అదే వరసలో ఉన్న ఇంకోదానికి వెళ్తారు, అక్కడ జరిగేదీ దాదాపు ఇదే. నేను డబ్బు కట్టినప్పుడు వాళ్ల ఆఫీసున్న రోడ్డులో ఇలాంటి ఆఫీసులు మూడుండేవి, మొన్న లెక్కపెడితే ఏడు కనిపించాయి. వాటి మధ్యలో జిరాక్స్ షాపు ఉంది, నిజంగా బాగుపడింది అతనొక్కడే అనిపించింది.

నాకు పీఆర్ వచ్చింది. ముందే చెప్తున్నా, లేకపోతే రాలేదని కడుపుమంటతో రాశాడంటారు. 2024 ఏప్రిల్‌లో ఇన్విటేషన్ (అప్లికేషన్ పెట్టుకోమని పిలుపు), జూన్ మొదట్లో అప్లికేషన్, 2025 జనవరిలో కన్ఫర్మేషన్, మార్చిలో అక్క వాళ్లింట్లో దిగడం. వచ్చింది కదా, మరి రెండు స్టార్లేంది అంటే, వాళ్ల వల్ల రాలేదు. వాళ్లు చేసిన ఒక్క పొరపాటు ఇంకో రెండు నెలలు నా కంట పడకపోయి ఉంటే అసలు వచ్చేదే కాదు.

డబ్బు సంగతి మొదట. ప్యాకేజీ లక్షా ఇరవై వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,41,600 రూపాయలు. చేరేటప్పుడు యాభై వేలు, ప్రొఫైల్ పూల్‌లో (కెనడా వాళ్లు మనుషుల్ని ఎంచుకునే జాబితాలో) పడ్డాక నలభై, ఇన్విటేషన్ వచ్చాక ముప్పై. ఇందులోనే అన్నీ అయిపోతాయని నేనూ మా నాయినా అనుకున్నాం. అగ్రిమెంట్ ఎనిమిదో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ప్రభుత్వ ఫీజులేవీ ఇందులో కలవవని. డిగ్రీలు సరిచూసే డబ్ల్యూఈఎస్ ఫీజు, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష, మెడికల్, పోలీస్ క్లియరెన్స్, బయోమెట్రిక్స్‌కి 85 డాలర్లు, అన్నిటికన్నా పెద్దది అప్లికేషన్‌కి నేను కట్టిన 2024లో 1,525 కెనడా డాలర్లు (ప్రాసెసింగ్‌కి 950, పీఆర్ హక్కు ఫీజు 575), ఇవన్నీ మన జేబులోంచే పోవాలి. మరి లక్షా ఇరవై వేలు దేనికి అంటే ఫారాలు నింపడానికి. ఆ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (మార్కులు చూసి పీఆర్‌కి పిలిచే పద్ధతి) ప్రొఫైల్ పెట్టడానికి కెనడా ప్రభుత్వం పైసా కూడా తీసుకోదు. మనకు మనమే పెట్టుకోవచ్చు. ఈ సంగతి నాకు మొదటి యాభై వేలు కట్టాక తెలిసింది.

మొదటి రోజు బాగా గుర్తుంది. గాజు బల్ల కింద అన్ని దేశాల జెండాలు, గోడకి వీసాలు పట్టుకుని నవ్వుతున్నవాళ్ల ఫొటోలు, మంచి అల్లం చాయ్. నాయిన చెప్పులు బయటే విడిచి వచ్చాడు, అక్కర్లేదు లోపలికే వేసుకురండి అన్నా వినలేదు. కౌన్సెలర్ నా వయసు, చదువు, ఉద్యోగం అడుగుతూ ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టుకుంటూ పోతున్నాడు. మధ్యలో నాయిన అందుకున్నాడు, "మా పెద్దపిల్ల ఆడ్నే ఉంటది సార్, బ్రాంప్టన్‌ల, ఆరేండ్లాయె పోయి" అని. కౌన్సెలర్ తల పైకెత్తి, "అక్క అక్కడే ఉందా! అయితే ఇంక టెన్షనే లేదు పెద్దాయనా" అని నవ్వి మళ్లీ కీబోర్డు మీద పడ్డాడు. అక్క ఉన్న సంగతి విన్నాడు, సంతోషపడ్డాడు, ఫారంలో మాత్రం ఎక్కించలేదు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

తెలియనివాళ్లకి లెక్క కొంచెం చెప్తా. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మనకి 1,200కి మార్కులేస్తారు. వయసు, చదువు, ఇంగ్లిష్, అనుభవం, ఇంకా కొన్ని. ఎక్కువ మార్కులున్నవాళ్లని డ్రాలో పైనుంచి పిలుస్తారు. నాది పెళ్లికాని మనిషి లెక్క: వయసు 29, దానికి 110. ఎంటెక్‌కి 135. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినడం 8.5, చదవడం 8, మాట్లాడటం 7.5, రాయడం 7, వీటికి 133. చదువూ ఇంగ్లిషూ రెండూ బాగున్నందుకు 50, అనుభవం మూడేళ్లు దాటి ఇంగ్లిష్ బాగున్నందుకు ఇంకో 50. అంతా కలిపితే 478.

2024 జనవరిలో ఈ 478తో వాళ్లు నా ప్రొఫైల్ పెట్టారు. ఆ నెలల్లో మామూలు డ్రాలు 524 కింద దిగలేదు, కాబట్టి అక్కడ ఆశ లేదు. నా ఆశంతా స్టెమ్ కేటగిరీ మీద, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల ఉద్యోగాలవాళ్లకి విడిగా జరిగే డ్రా. 2023 డిసెంబర్ 8న స్టెమ్ డ్రా 481 దగ్గర ఆగింది. "మూడంటే మూడే మార్కులు సర్, రైటింగ్ ఒక్కటి 7.5 చేసుకుంటే సరిగ్గా 481 అవుతుంది, మన దగ్గరే కోచింగ్ ఉంది, మీకు డిస్కౌంట్‌లో పన్నెండు వేలకే" అన్నారు. లెక్క తప్పు చెప్పలేదు, రైటింగ్ పెరిగితే నిజంగానే మూడు మార్కులొస్తాయి. నేను కట్టేద్దామనే అనుకున్నా. ఆ నెల జీతం ఆలస్యం కావడం నా అదృష్టం.

మార్చిలో ఒక రాత్రి హైదరాబాద్‌లో నా రూములో నిద్ర పట్టక కెనడా ప్రభుత్వం వాళ్ల సైట్‌లో ఉన్న మార్కుల కాలిక్యులేటర్ తెరిచి నేనే మొదట్నుంచి నింపడం మొదలుపెట్టా. అన్నీ అయ్యి దాదాపు చివరికొచ్చాక ఒక ప్రశ్న, కెనడాలో ఉంటున్న, అక్కడి పౌరసత్వమో పీఆరో ఉన్న తోబుట్టువు ఉన్నారా అని. అవును అని నొక్కా. 493 వచ్చింది. తప్పేదో నొక్కాననుకుని మళ్లీ మొదట్నుంచి చేశా. మళ్లీ 493. తోబుట్టువుకి 15 మార్కులు! అక్కకి ఫోన్ చేస్తే అక్కడ మధ్యాహ్నం, పనిలో ఉంది, "ఏమైందిరా ఈ టైంల?" అని భయపడింది. "అక్కా, నీకు పదిహేను మార్కులంట" అన్నా. దానికేమీ అర్థం కాలేదు పాపం.

పొద్దున్నే బస్సెక్కి నల్గొండ వచ్చి అడిగితే, "అవి ఇన్విటేషన్ వచ్చాక కలుపుతాం సర్" అన్నారు. ఇది శుద్ధ అబద్ధం. ఇన్విటేషన్ రావడానికే కదా మార్కులు కావాల్సింది. అయితే నాకు లాగిన్ ఇవ్వండి, నేనే మార్చుకుంటా అన్నా. "పాస్‌వర్డ్ ఇవ్వడం కంపెనీ పాలసీ కాదు" అన్నారు.

అక్కడ నాకు కాళ్ల కింద నేల కదిలింది. నా పేరు మీద ఉన్న ఈమెయిల్ వాళ్లు తెరిచింది. దానికి పెట్టిన ఫోన్ నంబరు వాళ్లది. ప్రొఫైల్ లాగిన్ వాళ్ల చేతిలో, అందులోని రహస్య ప్రశ్నలకి జవాబులు వాళ్లకే తెలుసు. నా పాస్‌పోర్టు నంబరు, నా చదువు, మా అమ్మానాయినల పుట్టిన తేదీలు అన్నీ అందులో ఉన్నాయి, నేను మాత్రం చూడలేను. రెండుసార్లు తిరిగా, మేనేజర్ లేడన్నారు. మూడోసారి నాయిన నాతోపాటు వచ్చాడు. ఆయన గొడవ పడే రకం కాదు. భుజం మీది తువ్వాల తీసి సోఫా మీద పరుచుకుని కూర్చుని, "ఆ పాసువర్డో ఏందో ఇయ్యండి బిడ్డా, నాకేం తొందర లేదు, పొద్దూకేదాక కూసుంట" అన్నాడు. అప్పుడే కొత్తగా చేరడానికి ఎవరో తల్లిదండ్రులు కొడుకుని తీసుకుని లోపలికొచ్చారు. నాయిన వాళ్లని పలకరించి ఏ ఊరని అడగడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాల్లో పాస్‌వర్డ్ వచ్చింది.

ఏప్రిల్ 3న అక్క వివరాలు ఎక్కించా. ఏప్రిల్ 11న స్టెమ్ డ్రా జరిగింది. కటాఫ్ 491. నాది 493. జూన్ 19 నా పుట్టినరోజు, ముప్పై నిండితే వయసు మార్కులు 110 నుంచి 105కి పడతాయి, అంటే 488. ఆ పన్నెండు వేలు కట్టి రైటింగ్ కోచింగ్‌లో కూర్చుని, పరీక్షలో 7.5 కూడా తెచ్చుకుని ఉంటే నా దగ్గర 481 ఉండేది, ఇన్విటేషన్ ఉండేది కాదు. ఇది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కని నిరూపించడం కూడా తేలిక కాలేదు, చెప్పాలంటే మన తెలుగువాళ్లకి ఇది ప్రత్యేకమైన తలనొప్పి. పెళ్లయ్యాక అక్క పాస్‌పోర్టులో ఇంటిపేరు బావ వాళ్లది అయింది. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, ఎంటెక్ పట్టాలో పూర్తిగా ఉంది కానీ పేరు తర్వాత ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరుకి వేరే గడి. పేపర్ మీద చూస్తే నేనూ అక్కా ఏ చుట్టరికం లేని ఇద్దరు మనుషులం. ఇద్దరి బర్త్ సర్టిఫికెట్లు, ఇద్దరి పాస్‌పోర్టుల చివరి పేజీలో ఉన్న అమ్మానాయినల పేర్లు, అక్క పీఆర్ కార్డు, బ్రాంప్టన్ అడ్రస్‌తో కరెంటు బిల్లు, నా పేరు మూడు రకాలుగా ఉన్నా మనిషినొక్కడినే అని నోటరీ అఫిడవిట్, ఇన్ని పెట్టా. ఇందులో కన్సల్టెన్సీ చెప్పింది అఫిడవిట్ ఒక్కటే. అదీ నోటరీ దగ్గరికి నేనే వెళ్లా.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. డబ్బు తీసుకుని కెనడా అప్లికేషన్ చేసిపెట్టాలంటే అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ దగ్గర లైసెన్స్ ఉండాలి, లేదా అక్కడి లాయరై ఉండాలి. లైసెన్స్ ఉన్నవాళ్లని ఆర్‌సీఐసీ అంటారు, నంబరు ఉంటుంది, ఆ కాలేజ్ సైట్‌లో పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. అలాంటివాళ్లయితే ఐఎంఎం 5476 అనే ఫారం మీద మన సంతకం తీసుకుని, ఇతని తరఫున మేం చేస్తున్నాం అని బహిరంగంగా చెప్పి, తమ సొంత లాగిన్ నుంచి చేస్తారు. నా ఫైల్లో అలాంటి ఫారమే లేదు. కెనడా వాళ్ల దృష్టిలో ఆ ప్రొఫైల్ నింపింది నేనే. మా వాళ్లు ఎక్కడా కనిపించరు. అంటే వాళ్లు ఏదైనా తప్పు రాస్తే అబద్ధం చెప్పింది నేనవుతా, తప్పుడు సమాచారం అని తేలితే ఐదేళ్లు ఏ అప్లికేషన్ పెట్టకుండా నిషేధిస్తారు. నంబరు అడిగితే "మా హెడ్డాఫీసులో ఉన్నారు సర్" అన్నారు. హెడ్డాఫీసు వాళ్లని అడిగితే "టొరంటోలో ఉన్నారు" అన్నారు. నేను టొరంటో దాకా వెళ్లా కానీ ఆయన మాత్రం ఇంకా కనబడలేదు.

తప్పు రాయడం అంటే ఊరికే అనట్లేదు. అనుభవం లెటర్ కోసం వాళ్లు నాకు వర్డ్ ఫైల్ పంపారు, మీ హెచ్‌ఆర్‌తో సంతకం పెట్టించుకోండి అని. చూస్తే 21231, అంటే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల కోడ్ కింద కెనడా ప్రభుత్వం రాసిన పనుల జాబితా, అక్షరం మార్చకుండా దించారు. ఆఫీసర్లు రోజూ చదివే జాబితా అది, గుర్తుపట్టరా? నా మేనేజర్‌తో గంట సేపు కూర్చుని నేను నిజంగా చేసిన పని, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకున్నా. మొదటి కంపెనీ మూతపడింది, అక్కడి పాత టీమ్ లీడ్ అఫిడవిట్ ఇచ్చాడు, దానికి పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్ జత చేశా.

ఫండ్స్, అంటే అక్కడికెళ్లి బతకడానికి ఉందని చూపించాల్సిన డబ్బు దగ్గర మాత్రం వాళ్ల మాట విని ఉంటే మొత్తం మునిగేవాళ్లం. ఒంటరి మనిషి అప్పట్లో 13,757 డాలర్లు చూపించాలి, ఆ ఏడాదే అది 14,690 అయింది, మన లెక్కలో తొమ్మిది లక్షల దాకా. నేను సొంతంగా దాచుకున్నవి ఆరు లక్షల చిల్లర ఉన్నాయి. మిగతాది మేం సర్దుతాం, పదిహేను రోజులు మీ ఖాతాలో ఉంటాయి, రెండు శాతం ఇస్తే చాలు అన్నారు. కానీ బ్యాంకు ఇవ్వాల్సిన లెటర్‌లో గత ఆరు నెలల సగటు నిల్వ రాయాలి, మన అప్పులు కూడా రాయాలి, అప్పు తెచ్చిన డబ్బు అసలు చెల్లదు. పదిహేను రోజుల కింద వచ్చి పడ్డ మూడు లక్షలు ఆ కాగితం మీద ఎలా కనిపిస్తాయో మీరే ఆలోచించుకోండి. నాయిన అంతకుముందు ఏడే బత్తాయి తోట గుత్తకిచ్చిన డబ్బు బ్యాంకులో వేసి ఉంచాడు. అందులోంచి నాలుగు లక్షలు నవంబర్‌లోనే నా ఖాతాకి పంపాడు, పెళ్లికి పనికొస్తాయని. గిఫ్ట్ డీడ్ రాయించాం, తోట పాస్‌బుక్కు, వ్యాపారి రసీదు కూడా జత చేశాం. బ్యాంకులో అలాంటి లెటర్ ఎప్పుడూ ఇవ్వలేదన్నారు, నేనే టైపు చేసి తీసుకెళ్తే ఆఫీసర్ చదివి, రెండు చోట్ల దిద్ది, ముద్ర వేసి ఇచ్చారు. "మా తోట కెనడా పోతాంది" అని నాయిన ఊరంతా చెప్పుకున్నాడు.

రెండు స్టార్లు ఇచ్చిన కారణం కూడా చెప్పాలి కదా. అక్కడ డాక్యుమెంట్లు చూసే అమ్మాయి ఒకరున్నారు, నకిరేకల్ వైపు అమ్మాయి. జీతం ఎంతిస్తారో తెలియదు కానీ ఆ ఆఫీసులో పని తెలిసింది ఆమెకొక్కరికే. నా రిలీవింగ్ లెటర్‌లో తేదీ ఫారంలో రాసినదానికి పదకొండు రోజులు తేడా ఉంటే ఆమే పట్టుకున్నారు. ఎంటెక్ ట్రాన్స్‌క్రిప్ట్ నా చేతికి తెచ్చుకుంటే పనికిరాదు, యూనివర్సిటీ నుంచే డబ్ల్యూఈఎస్‌కి వెళ్లాలి అని మొదటి రోజే చెప్పి ఒక ట్రిప్పు మిగిల్చారు. ఆ రెండు స్టార్లూ ఆమెవే. ఆమె సొంతంగా పెట్టుకుంటే నేనే పదిమందిని పంపిస్తా, లైసెన్స్ తీసుకుంటే మాత్రమే సుమా.

మిగతావి పెద్ద కష్టం కాదు. పోలీస్ క్లియరెన్స్‌కి 500 రూపాయలు, ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుంటే నల్గొండ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రంలోనే అయింది. పాత అడ్రస్ ఉంటే స్టేషన్ నుంచి ఫోనొస్తుంది, ఎత్తండి, తెలియని నంబరని కట్ చేయకండి. మెడికల్ కెనడా వాళ్ల జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే, హైదరాబాద్ వెళ్లాలి. ఇన్విటేషన్ వచ్చాక అన్నీ పెట్టడానికి 60 రోజులే, అందుకే ఆలస్యమయ్యే కాగితాలు ముందే మొదలుపెట్టాలి.

ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. నా లెక్క చూసి 493కి వస్తుందనుకోకండి, రూల్స్ మారాయి. 2025లో స్టెమ్ జాబితా మార్చారు, మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చాలావరకు తీసేశారు, డ్రాలు ఎక్కువగా అప్పటికే కెనడాలో పని చేస్తున్నవాళ్లకీ, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకీ, నర్సులూ డాక్టర్ల కేటగిరీకీ జరిగాయి. మా మేనమామ కూతురు మిర్యాలగూడలో స్టాఫ్ నర్సు, ఆమెని మాత్రం పెట్టమన్నా, 2025 ఆగస్టు 19న ఆ కేటగిరీ డ్రా 470 దగ్గర ఆగింది. ఇంకోటి, కెనడాలో జాబ్ ఆఫర్ ఇప్పిస్తాం, మార్కులు కలుస్తాయి, పన్నెండు లక్షలు అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే మార్కులు 2025 మార్చి 25 నుంచే ఎత్తేశారు. పెళ్లిలో ఒకాయన కొడుకు కోసం అడ్వాన్స్ కట్టేశానని నాతోనే చెప్పాడు, ఏం చెప్పాలో తెలియక అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మూడో విడత ముప్పై వేలు కూడా కట్టా. అగ్రిమెంట్‌లో సంతకం పెట్టాను కదా, ఇన్విటేషన్ వస్తే కట్టాలనే రాసుంది, ఎవరి వల్ల రావాలో రాయలేదు. మొన్న పెళ్లికొచ్చానని ఎలా తెలిసిందో కౌన్సెలర్ ఫోన్ చేశాడు, ఆఫీసుకొచ్చి ఐదు నిమిషాల వీడియో ఇవ్వండి సర్, గోడ మీద మీ ఫొటో కూడా పెట్టాం అని. వెళ్లి చూశా. నిజంగానే ఉంది, మా అక్క వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఎయిర్‌పోర్ట్ ఫొటో. తీసేయమని చెప్పి, కింద జిరాక్స్ షాపులో చాయ్ తాగి వచ్చా.